దొరగారి దర్భ

మా ఏటిగట్ల శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఎక్కడైనా తారసపడితే, తమరు సర్వీసులో ఏం కట్టారండీ అని అడుగుతుంటారు. నాతోపాటు రిటైరయినవాళ్ళలో ఒకాయన లాకులు కట్టాడు, ఇంకొకాయన వంతెన కట్టాడు. నేను గడ్డి పెంచాను. ఆ మాట చెప్పగానే కుర్రాళ్ళు మర్యాదకి నవ్వు ఆపుకుంటారు. ఆపుకోనక్కర్లేదు నాయనా, నవ్వండి. నా మొదటి ఉద్యోగం గడ్డి పెంచడం. ఆ ఉద్యోగం ఊడిపోయింది కూడాను. గడ్డి పెరగక ఊడిందనుకుంటారేమో, పెరిగినందుకే ఊడింది. రేపు మీకూ ఇలాంటిది జరగవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజులు. గౌతమి పాయకి మా కోనసీమ వైపు గట్టుకి, వాడపల్లికి దిగువన ఒకచోట, అంతకుముందు వరదలో గండి పడింది. గండి పూడ్చి కొత్త మట్టితో గట్టు లేపారు. కొత్త మట్టి వానకి జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి రెండే దార్లు, రాయి పరచడం, గడ్డి పెంచడం. రాయికి ఖర్చెక్కువ కనక ముందు గడ్డి చూద్దామన్నారు. ఎక్కడినుంచో సీమగడ్డి విత్తనాలు డబ్బాల్లో తెప్పించి చల్లారు. అది వానాకాలమంతా పచ్చగా పెరిగి అందరినీ మురిపించి, మొదటి వేసవికే అప్పడంలా ఎండిపోయింది.

అప్పుడు మా ఇంజనీరు దొరగారు, ఇక్కడ దానంతటది పెరిగేదే పెంచండి అన్నారు. ఒక్క గడ్డి కాదు, గడ్డి మధ్య ఈ నేల పూలమొక్కలు కూడా ఉండాలన్నారు. ఒక్కో మొక్క వేరు ఒక్కో లోతుకి దిగుతుంది, అన్నీ కలిస్తే మట్టి కదలదని ఆయన లెక్క. గట్టు వాలునీ, దాని కింద ఏటివైపున్న బీడునీ కలిపి రక్షిత భూమి అన్నారు. అందులో దున్నకూడదు, పశువుల్ని తోలకూడదు, తట్టెడు మట్టి తియ్యకూడదు. ఆ భూమిలో గడ్డీ పూలూ పెంచడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. వ్యవసాయ క్షేత్రంలో ఏడాది శిక్షణ పొంది, ఇంకా ఏ పనీ దొరక్క అమలాపురంలో మా వీధి అరుగులన్నీ అరగదీస్తున్న నేను దొరికాను.

ఉద్యోగం టెంపరరీ. గడ్డి నిలబడిందని దొరగారు కళ్ళారా చూసి ఒప్పుకుంటే పర్మనెంటు చేస్తారు. నిలబడకపోతే రాయి పరిచేస్తారు, నేను మళ్ళీ అమలాపురం అరుగుల మీదికి వెళ్ళాలి. మా అమ్మ అప్పటికే ఊరందరికీ మావాడు ఏటిగట్ల ఇంజనీరని చెప్పేసింది. గట్టు కింద ఊళ్ళో మాత్రం నన్ను గడ్డి ఇంజనీరుగారు అనేవారు. ‘గారు’ మాత్రం ఎవరూ మానలేదు. మా వైపు ఎంత ఎగతాళి చేసినా మర్యాదగానే చేస్తారు.

నాకింద ఒక లస్కరు ఉండేవాడు. లస్కరంటే గట్లూ కాలవలూ కాపలా కాసే మనిషి. నాకంటే చాలా పెద్దవాడు, బుర్రమీసాలు, నెమ్మదైన నడక. నేనేం చెప్పినా ‘ఆయ్’ అనేవాడు. ఆ మాటకి చేస్తానని అర్థం కాదని, మీరు చెప్పింది వినబడిందని మాత్రమే అర్థమని తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

ఏ మొక్కలు పెంచాలో ఊరివాళ్ళనే అడిగాను. అంతమంది అంత ఉత్సాహంగా ముందుకొస్తారని నేననుకోలేదు. దర్భ పెట్టండి, ఏటి ఒడ్డున దాన్ని మించింది లేదండి అన్నారు ఊరి పురోహితుడుగారు. గరిక పెట్టండి, ఉత్తరేణి పెట్టండి అన్నారు కొందరు. నీలం పూలు పూసే విష్ణుక్రాంత తీగ, ఊదా పూల వాకుడు, తెల్లపూల తుమ్మి పెట్టమని ఆడవాళ్ళు చెప్పి పంపారు. అన్నీ ఈ నేలవే, అన్నీ దొరగారి లెక్కకి సరిపోయేవే. దర్భ దుబ్బులు ఏటి మధ్య లంకలోంచి పడవల మీద తెప్పించాను. తొలకరికి నాటించాను. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, అక్కడ, ఇక్కడ, ఇంకాస్త దగ్గరగా అని వేలు చూపించడం నా పని.

ఒక సాయంత్రం ఊరివాళ్ళని గట్టు మీదికి పిలిచి ఉపన్యాసం కూడా ఇచ్చాను. పశువులు వస్తే గడ్డి పోతుంది, గడ్డి పోతే గట్టు పోతుంది, గట్టు పోతే మీ వరిచేలూ కొబ్బరితోటలూ పోతాయి అన్నాను. అందరూ ఎంతో శ్రద్ధగా విని, ఆయ్ అన్నారు. ఆ మాట అర్థం తెలిసినవాణ్ణి కనక నేను బెంగపడ్డాను. కానీ చిత్రం, ఆ మర్నాటినుంచి ఒక్క గేదె గట్టు మీద అడుగు పెట్టలేదు. పొరపాటున ఏ దూడ దిగినా నలుగురు పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టి తరిమేవారు. చాకలివాళ్ళు అక్కడ బట్టలు ఆరెయ్యడం మానేశారు. ఇదంతా నా ఉపన్యాస ఫలితమని ఆఫీసుకి రిపోర్టు రాశాను. ఉద్యోగంలో మొదటి ఏడు మనిషి ఏదైనా నమ్ముతాడు.

అసలు సంగతి తరవాత తెలిసింది. పశువు తొక్కనిదీ నాగలి తగలనిదీ, ఎంగిలీ మైలా లేనిదీ, ఏటి ఒడ్డున ఇంత శుద్ధమైన చోటు ఇంకెక్కడా లేదండి, ఇక్కడి దర్భ దొరకడం మన అదృష్టమండి అని పురోహితుడుగారు అగ్రహారంలో అందరికీ చెప్పి ఉంచారట. అంతకుముందు వాళ్ళు దర్భ కోసం వరదలో పడవెక్కి లంకకి పోవలసి వచ్చేది. అందుకని ఊరంతా నా గడ్డిని కంటికి రెప్పలా కాపాడింది. దేనికోసం కాపాడుతున్నారో నాకొక్కడికే తెలియదు.

తెలిసి ఉండవలసిందే. కానీ మా ఇంట్లో దర్భ ఎప్పుడూ పురోహితుడి సంచిలోంచి కట్టలుగా బయటికొచ్చేది. అది మొలిచేటప్పుడే కట్టగా మొలుస్తుందన్నట్టు ఉండేది నా జ్ఞానం. శ్రావణ అమావాస్యనాడు పీకిన దర్భ ఏడాదిపాటు కర్మలకి పనికొస్తుందని, అందుకే ఆ ఒక్కరోజే ఏడాదికి సరిపడా తెచ్చుకుంటారని నాకెవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ రోజు పోలాల అమావాస్య. నాకు బూరెలు గుర్తున్నాయి గానీ దర్భలు గుర్తులేవు.

మరో మనిషి గురించి కూడా చెప్పాలి. రాళ్ళ కాంట్రాక్టరుగారు. గడ్డి పోతే గట్టుకి రాయి పరిచే పని ఆయనదే. భారీ మనిషి, మంచి మాటకారి, నా మీద కక్షేమీ లేదు. వారానికోసారి గుర్రబ్బండి దిగి గట్టెక్కి, ‘గడ్డిగారికి ఎలా ఉందండీ’ అని ఇంట్లో రోగిని పలకరించినట్టు పలకరించేవారు. బాగుందంటే, ‘పోనీలెండి, దేవుడున్నాడు’ అని నిట్టూర్చి వెళ్ళేవారు.

గడ్డి నిజంగానే బాగుంది. రెండో వానాకాలానికి దర్భ మోకాలెత్తు లేచింది. కిందంతా గరిక అల్లుకుంది. మధ్యమధ్య విష్ణుక్రాంత నీలంగా, తుమ్మి తెల్లగా పూసింది. గోదావరికి ఎర్రనీరు వచ్చి గట్టు పాదం దాకా పెరిగినా మట్టి పెళ్ళ కూడా జారలేదు. వినాయక చవితి మర్నాడు దొరగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నేను అమ్మకి ఉత్తరం రాశాను, ఇక నువ్వు ఊరందరికీ చెప్పింది నిజమేనని. తరవాత నిశ్చింతగా పడుకున్నాను.

అమావాస్యనాడు తెల్లవారుతుండగా లస్కరు నా గది తలుపు తట్టాడు. కంగారు పడటం అతనికి చేతకాదు. చేతులు కట్టుకుని నిలబడి, ‘గట్టు మీద బ్రాహ్మలండి’ అన్నాడు.

ఎంతమంది అని అడిగాను.

‘అందరూనండి.’

చొక్కా తొడుక్కుంటూ పరిగెత్తాను. తడి పంచెలతో, విభూతి రేఖలతో అగ్రహారం మొత్తం నా గట్టు వాలు మీద తూర్పుముఖంగా కూర్చుని ఉంది. మంత్రం చదవడం, దుబ్బు వేళ్ళతో సహా పీకడం, పక్కన పెట్టడం. మళ్ళీ మంత్రం. పై ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. అప్పటికే సగం వాలు బోసిపోయి ఎర్రమట్టి బయటపడింది. కొందరు పని ముగించుకుని, ఆ దర్భతోనే ఏట్లో తర్పణాలు కూడా వదిలేశారు. ఆపండి, ఆపండి అని అరిచాను. నేనూ దర్భకే వచ్చాననుకుని ఒక ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చారు. ‘ఇటు రండి బాబూ, ఇక్కడ మంచి దుబ్బులున్నాయండి’ అన్నారు ఆప్యాయంగా.

పురోహితుడుగారి దగ్గరికి వెళ్ళి, ఇది దొంగతనమండి అన్నాను. ఆయనకి కోపం రాదు. బక్కపలచని మనిషి, గొంతు ఎత్తడం ఎరగరు. ఎంత మెత్తగా మాట్లాడతారో అంత కదలరు. దర్భ ఏటి ఒడ్డున భూదేవి మొలిపించేదని, దానికి యజమాని ఎలా ఉంటాడని నవ్వుతూ అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం కళ్ళముందే వేళ్ళతో సహా లేచిపోతోంది మరి. ‘ఇది భూదేవి మొలిపించింది కాదండి. సర్కారు నాటించింది. పడవల మీద తెప్పించి, కూలీలని పెట్టి నాటించాం. ఇందులో ప్రతి దుబ్బూ దొరగారిదండి’ అన్నాను.

నేను కోపంలో అన్న మాట అది. దాని బలం నాకే తెలియదు. పురోహితుడుగారి చెయ్యి దుబ్బు మీదే ఆగిపోయింది. ఆ వరసలో మంత్రం ఆగింది, వెనక వరసలో ఆగింది, కాసేపటికి గట్టంతా నిశ్శబ్దమైపోయింది. ఒకరి సొమ్ము వాళ్ళకి చెప్పకుండా తెచ్చి కర్మ చేస్తే ఆ ఫలం సొమ్ము గలవాళ్ళకే పోతుందని మా వైపు గట్టి నమ్మకం. దానంతటది మొలిస్తే ఎవరిదీ కాదు. నాటితే మాత్రం నాటినవాళ్ళదే.

నాకు చోటిచ్చిన ముసలాయన అందరికంటే ముందు వచ్చి అందరికంటే ముందు తర్పణం వదిలినాయన. ఆయన మెల్లిగా అడిగారు. ‘ఇందాక మా తాతగారికి వదిలేనండి. ఆ నీళ్ళు ఎక్కడికి వెళ్ళుంటాయంటారు?’

పురోహితుడుగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. ‘దొరగారి తాతగారికేనండి’ అన్నారు.

ముసలాయన కాసేపు ఆలోచించి, ఆయనకి మన నీళ్ళు పడతాయా అండి అని అడిగారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి నాకూ ఓపిక లేదు. దొరగారి తాతగారి సంగతి నాకెందుకు, నా వాలు సగం బోసిగా ఉంది.

ఆ మధ్యాహ్నం పురోహితుడుగారి అరుగు మీద సభ జరిగింది. నన్నూ పిలిచారు. తెచ్చింది తిరిగి ఇచ్చెయ్యడం ఒక్కటే దారి అని తేలింది. వాడేసిన దర్భ తిరిగివ్వకూడదు. వాడని దుబ్బులున్నాయి. పైన ఆకు కావలసినంత కోసుకుని ఉంచుకోవాలి, కింద దుబ్బు విడదీసి మళ్ళీ గట్టుమీద నాటాలి. ఒకటి తెచ్చినవాళ్ళు రెండు నాటాలి, అప్పుడు గానీ ముందు వదిలిన నీళ్ళు వెనక్కి రావు అన్నారు పురోహితుడుగారు. నాకు శిక్షణలో చెప్పిన పద్ధతి కూడా సరిగ్గా ఇదే. పై ఆకు కత్తిరించి దుబ్బు చీల్చి వానలో నాటితే బాగా పడుతుంది. ఆ మాట మాత్రం నేను ఎత్తలేదు. శాస్త్రం చెప్పిందని చేస్తున్నవాళ్ళకి సర్కారు కూడా అదే చెప్పిందంటే చేతులు ఆగిపోతాయేమోనని భయమేసింది.

మర్నాటినుంచి అగ్రహారం బురదలో దిగింది. పీకేటప్పుడు ఎంత నిష్ఠగా పీకారో నాటేటప్పుడు అంతకి రెట్టింపు నిష్ఠ. ఒకాయన నాటిన దుబ్బు వంకరగా ఉందని పక్కాయన పీకి మళ్ళీ నాటాడు. అది నేను నాటిన ఫలం పోగొట్టడమని మొదటాయన తగాదా పెట్టుకున్నాడు. ఇద్దరికీ లస్కరు సర్ది చెప్పాడు.

నేను ఊపిరి పీల్చుకోబోతుండగా లస్కరే ఇంకో మాట చెవిని వేశాడు. ఎల్లుండి చవితండి, పత్రికొస్తారండి అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. గరిక, ఉత్తరేణి, విష్ణుక్రాంత, వాకుడు, అన్నీ వినాయకుడి పూజకి కావలసినవే. తుమ్మి అయితే చవితినాడు ఇంటింటా కూర. ఊరివాళ్ళు అంత ఉత్సాహంగా చెప్పిన మొక్కలన్నీ ఎందుకు చెప్పారో ఒక్కొక్కటే అర్థమైంది. నేను ఏడాదిన్నర కష్టపడి దొరగారి డబ్బుతో ఊరికి పూజాసామగ్రి పెంచాను. దర్భకి వచ్చింది ఒక్క అగ్రహారం. పత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి.

వచ్చాయి. కానీ దొరగారి తాతగారి కబురు వాళ్ళకంటే ముందే ఊళ్ళన్నీ తిరిగొచ్చింది. చవితి పూజ ఫలం దొరగారి పిల్లలకి చదువుగా మారిపోవడం ఎవరికీ ఇష్టం లేదు. పత్రి కోసినవాళ్ళు కోసిన చోటే గరిక పోచలు గుచ్చి వెళ్ళారు. తుమ్మి పీకినవాళ్ళు ఎండు గింజలు దులిపి వెళ్ళారు. ఉత్తరేణి గింజలు ఆడవాళ్ళ చీరలకి అంటుకుని వాటంతటవే గట్టంతా తిరిగాయి. సాయంత్రానికి గట్టు పచ్చగా లేదు గానీ దువ్వినట్టు వరసలు వరసలుగా ఉంది. ఇది చూసి దొరగారు ఏమంటారో తెలియక, చవితినాడు ఉండ్రాళ్ళు కూడా వదిలేసి చీకటి పడేదాకా గట్టు మీదే తిరిగాను.

తనిఖీ నాడు దొరగారి బోటు గట్టు పక్క కాలవలో ఆగింది. ఆయన టోపీ పెట్టుకుని పొడుగాటి కాళ్ళతో గట్టెక్కారు. వెనక గుమాస్తా, ఆ వెనక నేను. గట్టుమీద నేను అనుకోని దృశ్యం. ఇంకా బాకీ ఉన్నవాళ్ళు, తర్పణం ముందే వదిలేసినవాళ్ళు, అనుమానం తీరనివాళ్ళు, పాతికమంది దాకా బురదలో కూర్చుని దుబ్బులు నాటుతున్నారు. వాళ్ళ మధ్య పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చెమటలు కారుస్తూ రాళ్ళ కాంట్రాక్టరుగారు. నిన్న పత్రి ఇక్కడినుంచే తెప్పించారట. ఆ పూజంతా దొరగారికి పోయిందని తెలిసి వాళ్ళమ్మగారు, గడ్డి నాటి వస్తేగానీ అన్నం పెట్టనని కూర్చున్నారట. నన్ను చూసి ఆయన తలొంచుకున్నారు. తన కాంట్రాక్టుని తన చేతులతో పాతిపెట్టుకుంటున్న మనిషిని నేను ఆ ఒక్కరోజే చూశాను.

దొరగారు తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు. గుమాస్తా వైపు తిరగకుండా నేరుగా వాళ్ళనే అడిగారు. ‘మీరు ఇచట ఏమి చేయుచున్నారు?’

ఆ భాషకి పురోహితుడుగారు పులకించిపోయారు. లేచి, చేతులు కడుక్కుని, జరిగిందంతా ఆయనకి విన్నవించారు. మా తాతల నీళ్ళు తమరి తాతగారికి చేరుతున్నాయనే సంగతి కూడా దాచలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. దొరగారు నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, తన తాతగారు ఎన్నడూ నీరు త్రాగి ఎరుగరని, ఆయనకి నీళ్ళు పంపడం వృథా అని గంభీరంగా చెప్పారు.

అయినా తమరు ఒక్క మాట ‘ఇచ్చేను’ అంటే మాకు తృప్తండి అన్నారు పురోహితుడుగారు. ధారపోయడానికి చెంబుతో నీళ్ళు కూడా సిద్ధంగా ఉన్నాయి. దొరగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ‘ఇది నాది కాదు. రాజుగారిది. రాజుగారి సొత్తును నేను ఈయజాలను’ అన్నారు.

ఆ ముసలాయన అక్కడే చతికిలబడ్డారు. ‘రాజుగారు సముద్రానికి అవతల ఉంటారు కదండీ. మా తాతగారు కాకినాడలో ఓడ కూడా చూడలేదండి’ అన్నారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. దొరగారు అది చూశారు. ఆ మనిషిలో నాకు నచ్చింది అదే, ఆయన ఎవరి బాధనీ చిన్నదనుకోలేదు. గట్టు వాలంతా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. ఒక దుబ్బు పట్టి లాగి చూశారు, రాలేదు. తిరిగొచ్చి, ఇవ్వడానికి తనకి అధికారం లేదు గానీ నాటడానికి అనుమతించే అధికారం ఉందన్నారు. ఆ తరవాత గుమాస్తా రాసుకునేలా నిదానంగా చెప్పారు. ‘ఎవరు నాటినది వారిది. నాటినవారు కోసికొనవచ్చును. నాటనివారు ముట్టరాదు.’

ఆ మాటతో గట్టంతా ఒక్కసారిగా ‘ఆయ్’ అంది. నా సర్వీసులో చేస్తామనే అర్థంతో ఆ మాట వినడం అదే మొదటిసారి.

దొరగారు నాకు చెయ్యిచ్చి కరచాలనం చేశారు. ఇంత చక్కగా సాగిన పని తాను ఈ దేశంలో చూడలేదన్నారు. ఊరివారే నాటుచున్నారు, ఊరివారే కాయుచున్నారు, ఇక దీనికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి అక్కరలేదని పైకి రాస్తానన్నారు. నేను మురిసిపోతూ థాంక్యూ సర్ అన్నాను. ఆ ఉద్యోగిని నేనేనని, ఆయన బోటు కదిలాక గానీ నా బుర్రకెక్కలేదు.

ఉద్యోగం పోయింది గానీ నన్ను పూర్తిగా వీధిన పడెయ్యలేదు. రాజోలు వైపు వశిష్ఠ గట్టుకి రాయి పరుస్తున్నారు, అక్కడ రాళ్ళ గుట్టలకి కాపలా వేశారు. కాంట్రాక్టరుగారు నన్ను చూసి ‘రండి రండి, ఇక్కడైనా పూజలుండవండి’ అన్నారు. రిటైరయ్యేదాకా నేను ఎక్కువగా రాళ్ళ మధ్యే గడిపాను. రాయి మంచిది. దాన్ని ఎవరూ పీకరు, ఎవరూ కూర వండుకోరు. కానీ దాన్ని పొద్దున్నే లేచి చూడాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

మరుసటేడు రాజుగారి రాజ్యం పోయింది. ఆ వేసవిలోనే మా నాన్నగారు పోయారు. వానాకాలం వరద గట్టిగా వచ్చింది. రాళ్ళ దగ్గర నిలబడి ఆ గట్టు ఏమైందోనని రోజూ గుబులు పడ్డాను. నిలబడిందని కబురొచ్చింది. అమావాస్యనాడు సెలవు పెట్టి సైకిలు మీద బయల్దేరాను. నాకు చూడాలనీ ఉంది, నాన్నగారి మాసికాలకి దర్భ తెచ్చుకోవలసిన అవసరమూ వచ్చింది.

గట్టు మీద వరద వేసిన ఒండ్రులోంచి దర్భ పొడుచుకొచ్చి ఉంది. అగ్రహారం అంతా అక్కడే ఉంది, ఎవరూ పీకడం మొదలెట్టలేదు. వాదన జరుగుతోంది. రాజుగారు వెళ్ళిపోయేరు కదా, దొరగారి ఆర్డరు ఇంకా ఉన్నట్టా, ఇప్పుడు సర్కారు మనదే కదా, మళ్ళీ నాటడం ఎందుకని కొందరు వాదిస్తున్నారు. పురోహితుడుగారు అందరిదీ విన్నారు. ‘ఆర్డరు లేదంటే గడ్డి దేశం మొత్తానిదండి. ఫలం కూడా దేశం మొత్తానికి పంచాలండి. మీ తాతగారి వాటాకి ఎంతొస్తుందో మీరే చూసుకోండి’ అన్నారు.

అంతా కాసేపు లెక్క చూసుకుని, నాటుదామండి అన్నారు.

నేను పురోహితుడుగారి దగ్గరికి వెళ్ళి, నాకూ ఒక కట్ట కావాలండి, నాన్నగారు పోయారు అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. తరవాత, తన దుబ్బుల్లోంచి ఇస్తానని, కానీ అవి తాను నాటినవని, నాన్నగారికి నేను నాటినవైతే బాగుంటుందని అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. ‘ఈ గట్టంతా నేను నాటించిందే కదండీ’ అన్నాను.

‘నాటించేరండి’ అన్నారాయన, అదే మెత్తని గొంతుతో. ‘నాటలేదు కదండీ.’

ఆయన ఒక దుబ్బు చీల్చి నా చేతికిచ్చారు. చెప్పులు విప్పి వాలు దిగి కూర్చున్నాను. అన్నాళ్ళు అక్కడ ఉద్యోగం చేసినా ఆ మట్టి చేతికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. వెన్నలా చల్లగా ఉంది. గుంట తీసి దుబ్బు పెట్టి చుట్టూ మట్టి అదుముతుంటే ఏడుపొచ్చేసింది. నాన్నగారు పోయిననాడు కూడా అంత ఏడవలేదు. నా పక్కనున్న ముసలాయన చూడనట్టు అటు తిరిగి తన పని చేసుకున్నారు. ఆ ఏడు మాసికాలకి పురోహితుడుగారిచ్చిన దర్భే వాడాను.

మరుసటి వేసవిలో సంవత్సరీకాలకి మళ్ళీ ఆ గట్టుకి వెళ్ళాను. నా దుబ్బు పక్కకి పిలకలేసి చేటంత అయింది. కావలసినంత కోసుకున్నాను. నాటినవాణ్ణి కదా, ఎవరినీ అడగలేదు.